ఒకవైపు మాత్ర, ఒకవైపు నడక: మీకు తెలుసా?

బరువు తగ్గే విషయంలో మన ఇళ్లలో అందరూ వైద్యులే. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, తేనె అంటుంది పిన్ని. రాత్రిపూట అన్నం మానేసి పుల్కాలు తినమంటాడు బాబాయి. కొన్నేళ్ల కిందట కొబ్బరినూనె తాగమన్న పక్కింటాయన ఇప్పుడు పదహారు గంటల ఉపవాసం గొప్పదంటున్నాడు. ఈ మధ్య ఆ కబుర్లలోకి ఇంకోటి వచ్చి చేరింది: "దానికి మందుందట కదా, డాక్టర్ని అడిగితే రాస్తాడట కదా!" ఉంది. రాస్తారు కూడా. కొన్ని మందులు నిజంగానే పనిచేస్తాయి. అయితే ఈ మందుల వెనక తొంభై ఏళ్ల కథ ఉంది, అందులో మంచీ ఉంది, చావులూ ఉన్నాయి. తిండి మార్చుకుని, నడిచి తగ్గడం మీదా అంతే పెద్ద పరిశోధన జరిగింది. రెండింట్లోంచీ ఏరిన సంగతులు ఇవి.

◆ 1930లలో అమెరికాను ఊపేసిన సన్నబడే మాత్ర మందుగుండు కార్ఖానాల్లోంచి వచ్చింది.

మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఫ్రాన్స్‌లో పేలుడు పదార్థాల తయారీకి డైనైట్రోఫినాల్ అనే పసుపుపచ్చ రసాయనం వాడేవారు. దాంతో పనిచేసే కార్మికులకు ఊరికే చెమటలు పట్టేవి, జ్వరం వచ్చేది, మనిషి చిక్కిపోయేవాడు. కొందరు చనిపోయారు. ఆ చిక్కిపోవడమే 1933లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని మారిస్ టెయింటర్, విండ్సర్ కటింగ్‌లకు పనికొచ్చే గుణంగా కనబడింది. మన కణాల్లోని మైటోకాండ్రియాలు తిండిని ఒంటికి పనికొచ్చే శక్తిగా మారుస్తాయి. ఈ రసాయనం అడ్డుపడితే ఆ శక్తి పనికి అందకుండా వేడిగా పోతుంది. అంటే కూర్చున్నచోటే కొవ్వు కరుగుతుంది! ఏడాది తిరిగేసరికి అమెరికాలో లక్షమంది దాకా వాడారని అప్పటి అంచనా. ఆ తర్వాత పడుచు ఆడవాళ్ల కళ్లలో శుక్లాలు వచ్చాయి. డోసు మించినవాళ్లు ఒళ్లు పెనంలా కాలిపోతూ ప్రాణాలు వదిలారు. ఆ వేడికి విరుగుడు మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. 1938లో అమెరికా కొత్త మందుల చట్టం తెచ్చాక దీన్ని మనుషులు తినదగని పదార్థంగా తేల్చారు. అయినా 'ఫ్యాట్ బర్నర్' పేరుతో ఇంటర్నెట్‌లో ఇంకా తిరుగుతూనే ఉంది. బ్రిటన్‌లో కుర్రవాళ్ల ప్రాణాలు పోతుంటే 2023లో అక్కడి ప్రభుత్వం దాన్ని నియంత్రిత విషాల జాబితాలో చేర్చింది.

◆ థైరాయిడ్ మాత్ర సన్నబడటానికి పనికిరాదు.

లెవోథైరాక్సిన్ మందు వివరాల్లో అమెరికా వాళ్లు పెట్టెగట్టి మరీ ముద్రించే హెచ్చరిక ఇదే. థైరాయిడ్ సరిగా ఉన్నవాళ్లు బరువు కోసం వేసుకుంటే మామూలు డోసుకు తగ్గరు, పెద్ద డోసుకు ప్రాణం మీదికి వస్తుంది. తోడికోడలి చీటీ చూపించి మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కునేవాళ్లు ఈ ముక్క చదవాలి.

◆ 1960లలో అమెరికాలో రంగురంగుల మాత్రలు దోసెడేసి ఇచ్చే క్లినిక్కులు ఉండేవి. ఒక మాత్రలో యాంఫెటమిన్, రెండో యుద్ధంలో సైనికులకు నిద్ర రాకుండా ఇచ్చింది అదే. ఇంకోదాంట్లో థైరాయిడ్, మరోదాంట్లో మూత్రం ఎక్కువ పోయే మందు, గుండెజబ్బు మందు డిజిటాలిస్, ఇవన్నీ కలిసి పుట్టించే దడ తగ్గడానికి నిద్రమాత్ర. రోగిని బట్టి రంగు మారుస్తున్నట్టు నటించేవారు. మూత్రంలో నీళ్లు పోతే తూకం దిగుతుంది, కొవ్వు ఎక్కడిదక్కడే ఉంటుంది. కొందరు చనిపోయాక 1968లో అమెరికా సెనేట్ విచారణ జరిపింది.

◆ రెండు మందులు విడివిడిగా అనుమతి పొందినవే. కలిపి వాడటానికి ఎవరూ అనుమతి ఇవ్వలేదు.

అవి ఫెన్‌ఫ్లూరమిన్, ఫెంటర్మిన్. 1992లో 121 మంది మీద చేసిన ఒక అధ్యయనం, రెండూ కలిపి ఇస్తే బరువు బాగా తగ్గుతుందని చెప్పింది. ఇంకేముంది, 'ఫెన్-ఫెన్' పేరుతో క్లినిక్కులు వెలిశాయి. 1996 ఒక్క ఏడాదిలో అమెరికాలో ఈ రెండు మందులకూ రాసిన చీటీలు కోటీ 80 లక్షలు దాటాయి.

నార్త్ డకోటా రాష్ట్రంలో ఫార్గో అనే ఊరుంది. అక్కడ గుండెకు ఎకో తీసే ఒక టెక్నీషియన్‌కు తెర మీద ఏదో తేడాగా కనిపించింది. నడివయసు కూడా దాటని ఆడవాళ్లు, గుండెజబ్బు చరిత్ర లేనివాళ్లు, కానీ కవాటాలు మందంగా మారి సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారుతోంది. ఒకరు, ఇద్దరు, ముగ్గురు. ఆమె వాళ్లు వాడే మందుల పట్టీలు పక్కపక్కన పెట్టి చూసింది. అన్నింట్లోనూ ఫెన్-ఫెన్! అక్కడి వైద్యులు, మేయో క్లినిక్ వైద్యులు కలిసి 24 మంది స్త్రీల వివరాలు 1997 ఆగస్టులో ప్రచురించారు. వాళ్ల సగటు వయసు 44. సెప్టెంబరు 15న ఫెన్‌ఫ్లూరమిన్‌ను మార్కెట్లోంచి తీసేశారు. లక్షలమంది మింగాక, వేల కోట్ల రూపాయల పరిహారపు దావాల మధ్య, ఒక ఎకో గదిలో పనిచేసే మనిషి కంటికి కనిపించిన సంగతే నిజమని తేలింది. ఈ రంగంలో నాకు ఎవరి మీదైనా గౌరవం ఉందంటే ఆమె మీదే.

కథ అక్కడితో ఆగలేదు. అదే ఫెన్‌ఫ్లూరమిన్ 2020లో మళ్లీ అనుమతి పొందింది. ఈసారి బరువు కోసం కాదు, పసిపిల్లలకు వచ్చే డ్రావెట్ సిండ్రోమ్ అనే మొండి మూర్ఛకు, అదీ క్రమం తప్పకుండా ఎకో తీయించుకుంటూ. ఒక మందు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు జవాబు ఎవరికి, ఎందుకు, ఎంత కాపలా మధ్య ఇస్తున్నారన్న దాన్ని బట్టే ఉంటుంది.

◆ మన దేశమూ రెండు బరువు మందుల్ని నిషేధించింది.

రిమోనబాంట్‌ను 2009 డిసెంబరులో, సిబుట్రమిన్‌ను 2011 ఫిబ్రవరిలో. మొదటిది మెదడులో ఆకలి పుట్టించే చోట పనిచేసేది. ఆకలితో పాటు బతుకు మీద ఆశనూ తీసేసింది, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు పెరిగాయి. రెండోది దాదాపు పదివేల మంది మీద జరిపిన పెద్ద పరీక్షలో గుండెపోటు, పక్షవాతాల ముప్పును 16 శాతం పెంచినట్టు తేలింది. నిషేధం పడ్డా సిబుట్రమిన్ పోలేదు. 'నూరుశాతం మూలికలతో' అని రాసిన సన్నబడే పొడుల్లో, కాఫీ సాచెట్లలో రహస్యంగా కలుపుతుంటే పలు దేశాల అధికారులు మళ్లీ మళ్లీ పట్టుకున్నారు. మూలికల పొడి తాగిన వారానికే ఆకలి చచ్చిపోయి, నోరు ఎండిపోయి, గుండె దడదడలాడుతోందంటే మూలికను మెచ్చుకోకండి. డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

◆ నెయ్యి వేసుకుంటే శిక్షించే మాత్ర ఒకటుంది.

ఆర్లిస్టాట్. మట్టిలో బతికే ఒక స్ట్రెప్టోమైసిస్ సూక్ష్మజీవి తయారుచేసే పదార్థాన్ని మార్చి దీన్ని చేశారు. మెదడు జోలికి వెళ్లదు, రక్తంలోకీ పెద్దగా ఎక్కదు. పేగులో కొవ్వును అరిగించే ఎంజైమును ఆపుతుంది, తిన్న కొవ్వులో దాదాపు 30 శాతం అరగకుండా బయటికి పోతుంది. బయటికి పోతుంది అంటే ఎలాగో కాస్త ఊహించండి. పెళ్లి భోజనంలో పప్పులో నెయ్యి, గుత్తివంకాయ కూర మీద తేలే నూనె, పులిహోర, బొబ్బట్టు మీద మళ్లీ నెయ్యి, అన్నీ కానిచ్చి ఈ క్యాప్స్యూల్ వేసుకున్నవాడు తెల్లబట్టలతో ఊరేగింపులో నడవలేడు. నూనె చుక్కలుగా కారుతుంది, ఆపుకోవడం కష్టం. డాక్టర్లే చెబుతారు: ఆ పూట భోజనంలో కొవ్వు లేకపోతే క్యాప్స్యూల్ కూడా మానేయొచ్చని. కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా కొట్టుకుపోతాయి కాబట్టి పడుకునే ముందు వేరే విటమిన్ మాత్ర వేసుకోవాలి.

ఇంత చేస్తే ఏడాదికి ఉత్తుత్తి మాత్ర కంటే దక్కేది సగటున మూడు కిలోల లోపు అదనపు తగ్గుదల. నా అనుమానం, అందులో కొంత ఘనత మందుది, కొంత భయానిది. నూనె ముట్టుకుంటే ఏమవుతుందో ఒకసారి చూసినవాడు రెండోసారి వేపుడు జోలికి వెళ్లడు.

◆ ఇప్పుడు ప్రపంచమంతా మాట్లాడుకునే సూదుల కథలో ఒక విషపు బల్లి ఉంది. అమెరికా ఎడారుల్లో ఉండే గిలా మాన్‌స్టర్. మన పేగులో తిండి పడగానే పుట్టే జీఎల్‌పీ-1 అనే హార్మోను ఇన్సులిన్‌ను పెంచి, కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేసి, 'ఇక చాలు' అని మెదడుకు చెబుతుంది. కానీ రక్తంలో రెండు నిమిషాలు కూడా నిలవదు. న్యూయార్క్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసే జాన్ ఎంగ్ 1992లో ఆ బల్లి విషంలో అలాంటిదే, ఎక్కువసేపు నిలిచేదాన్ని పట్టుకున్నాడు. దానితో చేసిన ఎక్సెనటైడ్ 2005లో చక్కెర వ్యాధి మందుగా వచ్చింది. ఇప్పటి సెమాగ్లుటైడ్ బల్లిది కాదు, మనిషి హార్మోనునే మార్చి చేసింది. ఇది రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. వారానికొక్క సూది చాలడం అందుకే.

◆ అదే సెమాగ్లుటైడ్‌ను మాత్రగా మింగితే నూటికి ఒక పాలు కూడా సరిగా రక్తంలోకి చేరదు.

కడుపులో ఆమ్లం దాన్ని ముక్కలు చేసేస్తుంది. అందుకే ఒక సహాయక పదార్థం కలిపి మాత్ర చేశారు. లేవగానే, పరగడుపున, సగం గ్లాసుకు మించని నీళ్లతో మింగాలి. తర్వాత అరగంట దాకా ఏమీ తినకూడదు, తాగకూడదు. మంచం దిగగానే ఫిల్టర్ కాఫీ చేతికి రావాల్సిన ఇళ్లలో ఈ అరగంట చిన్న విషయం కాదు. బరువు కోసం సూది గరిష్ఠ డోసు మొదట వారానికి 2.4 మిల్లీగ్రాములుగా వచ్చింది. 2025 డిసెంబరులో అమెరికా బరువు కోసం అనుమతించిన మాత్ర రోజుకు 25, అంటే వారానికి 175 మిల్లీగ్రాములు. తేడా డెబ్బై రెట్ల పైమాటే. అదంతా ఒంటికి చేరని పాలు.

◆ 'మాత్రా, జీవనశైలా' అని పోటీ పెట్టినట్టు కనిపించే పరీక్షల్లో మాత్ర ఎప్పుడూ ఒంటరిగా దిగలేదు.

సెమాగ్లుటైడ్ పేరు మోగించిన పరీక్షలో 1,961 మంది ఉన్నారు. 68 వారాలు నడిచింది. సూది పడ్డవాళ్లకూ, ఉత్తుత్తి సూది పడ్డవాళ్లకూ నాలుగు వారాలకోసారి ఆహార నిపుణుల సలహా ఉంది. రోజుకు 500 కేలరీలు తగ్గించమన్నారు, వారానికి 150 నిమిషాలు నడక లాంటి శ్రమ చేయమన్నారు. చివరికి మందు వాళ్లు 14.9 శాతం తగ్గారు, ఉత్తుత్తి వాళ్లు 2.4 శాతం. 90 కిలోల మనిషికి లెక్క వేస్తే ఒకరికి 13 కిలోల పైన, ఇంకొకరికి రెండు కిలోల పైన. ఈ కోవలోదే ఇంకో సూది, టిర్జెపటైడ్. దాని పరీక్షలో పెద్ద డోసు వాళ్లు 20.9 శాతం దాకా తగ్గారు.

ఈ అంకెలు చూసి 'నడక, తిండి అంతా దండగ' అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. నెలకోసారి సలహా చెప్పడం వేరు, మనిషి వెంట ఉండి అలవాటు మార్చడం వేరు. 2002లో ఫలితాలు వచ్చిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో తిండి, నడక మార్చుకునే గుంపులో ఒక్కొక్కరికీ మొదటి ఆర్నెల్లలో పదహారు పాఠాలు విడిగా కూర్చోబెట్టి చెప్పారు. వాళ్లు సగటున 5.6 కిలోలు తగ్గారు. అదే అధ్యయనంలో చక్కెరకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లు 2.1 కిలోలు. మధుమేహం రావడం నడక వాళ్లలో 58 శాతం తగ్గితే, మాత్ర వాళ్లలో 31 శాతమే తగ్గింది. మన ఓపీల్లో రెండు నిమిషాల్లో "అన్నం తగ్గించండి, నడవండి, నెక్స్ట్!" అని పంపించి, దానికి జీవనశైలి చికిత్స అని పేరు పెట్టి, అది ఓడిపోయిందని తీర్పు చెప్పడం అన్యాయం.

◆ చెన్నైలో బరువు తగ్గకుండానే గెలిచారు.

ఇది మనం ఎక్కువగా చెప్పుకోవాల్సిన సంగతి, ఎందుకో తక్కువగా చెప్పుకుంటాం. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహం గడపలో ఉన్న 531 మందిని నాలుగు గుంపులు చేసి మూడేళ్లు గమనించింది. 2006లో ఫలితాలు వచ్చాయి. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో మధుమేహం ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్లలో 26.4 శాతం. రెండూ చేసినవాళ్లలో 28.2 శాతం. అంటే మాత్ర కలిపినా అదనంగా ఒరిగిందేమీ లేదు. విచిత్రం ఏమిటంటే, ఈ గుంపుల్లో బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గనే లేదు! తూకం ముల్లు కదల్లేదని మూడో వారమే నడక మానేసేవాళ్లకు ఈ అంకెలు పెద్ద అక్షరాల్లో రాసి గోడకు అంటించాలి. నడిచిన కండ రక్తంలో చక్కెరను పీల్చుకుంటుంది, ఆ పని తూకంలో కనబడదు.

◆ ఒకే బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) ఉన్న ఇద్దరు డాక్టర్ల ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో పక్కపక్కన వచ్చింది. ఒకరు పుణె డాక్టర్ యాజ్నిక్, ఇంకొకరు లండన్ డాక్టర్ యుడ్కిన్. ఇద్దరికీ బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్నిక్ ఒంట్లో 21.2 శాతం. చొక్కా మీద నుంచి చూస్తే తెలియదు. అందుకే మనవాళ్లకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని గీతలు కిందికి గీశారు. నడుము కొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదన్నారు. అయితే ఈ కొత్త మందుల అనుమతులు 30 బీఎంఐ దగ్గర, జబ్బులు కూడా ఉంటే 27 దగ్గర మొదలవుతాయి. పెళ్లికి ముందు నాలుగు కిలోలు తగ్గాలనుకునే అమ్మాయి ఈ లెక్కలో ఎక్కడా లేదు.

◆ కరిగిన కొవ్వు ఎక్కడికి పోతుంది?

చెమటలో అంటారు, వేడిగా అంటారు. 2014లో ఆస్ట్రేలియాకు చెందిన రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ ఇదే ప్రశ్న 150 మంది వైద్యులు, ఆహార నిపుణులు, జిమ్ శిక్షకులను అడిగితే చాలామంది తప్పు చెప్పారు. పది కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరిలో పోతుంది, మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. మందు వాడినా, నడిచినా దారి ఇదొక్కటే. పొట్ట చుట్టూ ప్లాస్టిక్ బెల్టు బిగించి చెమటలు కార్చేవాళ్లకు ఒక గ్లాసు మంచినీళ్లు తాగగానే పోయిన బరువంతా తిరిగొస్తుంది.

◆ మందు ఆపితే?

సెమాగ్లుటైడ్ పరీక్ష ముగిశాక కొంతమందిని ఇంకో ఏడాది గమనించారు. మందూ ఆపేశారు, సలహాలూ ఆపేశారు. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. రక్తపోటు, చక్కెర కూడా పాత దారి పట్టాయి. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే ఇదీ. దీన్ని మందు లోపం అనలేం, కానీ ఆర్నెల్ల కోర్సు అనుకుని మొదలుపెట్టేవాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి.

నడిచి తగ్గినవాళ్లకూ ఈ బెడద తప్పదు. అమెరికాలో మధుమేహం ఉన్న 5,145 మందిని దాదాపు పదేళ్లు వెంటాడిన ఒక అధ్యయనంలో, గట్టి శిక్షణ పొందినవాళ్లు మొదటి ఏడాది 8.6 శాతం తగ్గి చివరికి 6 శాతం దగ్గర నిలిచారు. టీవీ పోటీలో పదుల కిలోలు దించుకున్న పద్నాలుగు మందిని పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, వాళ్ల ఒళ్లు కూర్చున్నప్పుడు ఖర్చుచేయాల్సిన దానికంటే రోజుకు 500 కేలరీలు తక్కువే ఖర్చుచేస్తోంది. ఒంటికి పాత బరువు మీద మమకారం ఎక్కువ. మళ్లీ లావెక్కినవాణ్ని చూసి 'వీడికి నోరు కట్టుకోవడం చేతకాదు' అనే చుట్టాలకు ఈ సంగతి తెలియదు.

◆ న్యాయంగా మందు పక్షాన చెప్పాల్సింది కూడా ఒకటుంది. పైన చెప్పిన పదేళ్ల అధ్యయనంలో బరువు తగ్గినా గుండెపోట్లు తగ్గలేదు, ఆ కారణంతోనే 2012లో ఆపేశారు. అదే, గుండెజబ్బు ఉండి మధుమేహం లేని 17,604 మందికి సెమాగ్లుటైడ్ ఇచ్చి చూస్తే గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి 20 శాతం తగ్గాయని 2023లో తేలింది. అలాంటి రోగికి మందు రాస్తే 'సోమరులకు దగ్గరి దారి' అని వెక్కిరించడం తప్పు.

◆ దిగిన కిలోలన్నీ కొవ్వు కాదు.

కొత్త సూదులతో తగ్గే బరువులో పావు వంతు నుంచి దాదాపు 40 శాతం దాకా కండ తదితరాలు ఉంటున్నాయి. బరువు మళ్లీ పెరిగితే ఎక్కువగా కొవ్వే చేరుతుంది, పోయిన కండ అంత తేలిగ్గా రాదు. అరవై దాటినవాళ్లకు ఇది మరీ ముఖ్యం, కింద కూర్చుని లేవాలంటే కండే కావాలి. మన పళ్లెం సంగతి చూస్తే 2025లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం భారతీయుల కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి. సూది వేసుకుని ఆకలి చచ్చి, తిన్న నాలుగు ముద్దలూ చారన్నం, పెరుగన్నమే అయితే కండకు తిండి ఎక్కడిది? ఆ నాలుగు ముద్దల్లో గుడ్డో, చేపో, ముద్దపప్పో, సెనగలో ముందు పడాలి. బరువులెత్తే వ్యాయామం, కనీసం కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, వారానికి రెండుసార్లయినా చేయాలి.

◆ ఒక పెద్ద చెంచాడు నూనెలో సుమారు 120 కేలరీలు ఉంటాయి. మామూలు బరువున్న మనిషి అరగంట నడిస్తే ఖర్చయ్యేది దాదాపు అంతే. తగ్గడం వంటింట్లో తేలిక, నిలబెట్టుకోవడం రోడ్డు మీద తేలిక. అమెరికాలో 1994లో మొదలైన ఒక జాబితాలో కనీసం 13 కిలోలు తగ్గి ఏడాదికి పైగా నిలుపుకున్న పదివేల మంది పైచిలుకు ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది పొద్దున టిఫిన్ మానరు, వారానికోసారైనా బరువు చూసుకుంటారు, రోజుకు గంట దాకా శ్రమ చేస్తారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే హద్దు కూడా గుర్తుంచుకోండి: వారానికి అరకిలో తగ్గితే చాలు, రోజుకు వెయ్యి కేలరీల కంటే కిందికి దిగకూడదు.

◆ మీ బరువుకు మీరు వేసుకునే వేరే మందే కారణం కావచ్చు. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, చక్కెరకు ఇచ్చే గ్లిమెపిరైడ్, పియోగ్లిటజోన్, మూర్ఛకిచ్చే వాల్‌ప్రోయేట్, మానసిక వ్యాధులకిచ్చే ఒలాంజపిన్ బరువు పెంచుతాయి. మీ అంతట మీరు ఆపేయకండి. మార్చడానికి వీలుందేమో అడగండి. ఒక్కోసారి అన్నిటికంటే మంచి బరువు తగ్గించే మందు, పెంచే మందును మార్చడమే.

◆ కెనడాలో సెమాగ్లుటైడ్ పేటెంట్ కొన్ని వందల డాలర్ల రుసుము కట్టకపోవడంతో పోయింది. వేల కోట్ల వ్యాపారం చేసే మందు! ఆలస్య రుసుముతో కలిపి కట్టాల్సింది 450 కెనడా డాలర్లు. మన దేశంలో పేటెంట్ గడువు 2026 మార్చి వరకే. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ అంతకు ముందే ఇక్కడ తయారుచేసి, పేటెంట్ లేని దేశాలకు పంపుకోవడానికి 2025 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకుంది. 2025లోనే టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో, సెమాగ్లుటైడ్ వెగోవీ పేరుతో మన మెడికల్ షాపుల్లోకి వచ్చాయి. ధర తగ్గడం అవసరమైన రోగికి మేలే. అవసరం లేనివాడికి కూడా అందుబాటులోకి రావడమే నా భయం.

◆ డాక్టరు చీటీ రాసేముందు మీరు చెప్పి తీరాల్సినవి కొన్నున్నాయి.

ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా, మీకు క్లోమం వాపు ఎప్పుడైనా వచ్చిందా, పిత్తాశయంలో రాళ్లున్నాయా అన్నది చెప్పాలి. పిల్లల్ని కనాలనుకుంటే సెమాగ్లుటైడ్ రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ వాడే ఆడవాళ్లకు గర్భనిరోధక మాత్ర సరిగా పనిచేయకపోవచ్చు, మొదలుపెట్టినప్పుడూ డోసు పెంచినప్పుడూ నాలుగు వారాలు వేరే జాగ్రత్త అవసరం. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకు ముందే తెలియాలి, కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి రాత్రి నుంచి తినకపోయినా లోపల తిండి మిగిలి ఉండొచ్చు. ఇవన్నీ చెప్పాక మీరు అడగాల్సినవి రెండే: ఎన్నాళ్లు వాడాలి? ఆపేటప్పుడు ఎలా ఆపుతారు? ఈ రెండింటికీ జవాబు చెప్పకుండా సూది చేతిలో పెట్టే క్లినిక్ నుంచి లేచి వచ్చేయండి.

◆ చివరిగా, ఇది చాలామందికి తెలియదు. బరువు తగ్గించే మందు అంటూ జనానికి ప్రకటన ఇవ్వడమే మన దేశంలో నేరం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కొన్ని జబ్బులకు మందుందని ప్రకటించకూడదంటూ ఒక జాబితా ఇచ్చింది. అందులో ఊబకాయం పేరుంది. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల దాకా జైలు. మీ ఊరి బస్టాండు గోడ మీద, ఫోన్‌లో వచ్చే వీడియోలో, '30 రోజుల్లో 15 కిలోలు, గ్యారంటీ' అని ఏ మందు గురించి కనబడినా ఫొటో తీయండి. డబ్బా మీది తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు కనబడేలా తీసి మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్ కార్యాలయానికి పంపండి. ఈ చట్టం కింద ఫిర్యాదు చేయడానికి మీరు ఆ మందు కొని మోసపోయి ఉండాల్సిన పనిలేదు.